9 వారాల కుక్కపిల్లకు టీకాల కోర్సు పూర్తయినట్టేనా? ఇంట్లో పిల్లి కూడా ఉంది

మెట్లకింద:
కుక్కపిల్ల వయసు 9 వారాలు, బరువు 2.8 కిలోలు. 6వ వారంలో పార్వో (వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే వైరస్) టీకా, 8వ వారంలో డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు) కలిసిన టీకా వేసినట్టు కార్డులో స్టిక్కర్లున్నాయి. ఇచ్చినవాళ్లు "కోర్సు అయిపోయింది, ఇక రేబిస్ ఒక్కటే మిగిలింది" అంటున్నారు. నట్టల మందు 6వ వారంలో ఒక్కసారే పట్టారు. ఇంట్లో నాలుగేళ్ల పిల్లి కూడా ఉంది. అది బయటికి వెళ్లదు. చిన్నప్పటి టీకాల తర్వాత దానికి మళ్లీ ఏమీ వేయించలేదు.
1. కుక్కపిల్లకు ఇంకా డోసులు కావాలా? వీధిలోకి ఎప్పుడు దించొచ్చు?
2. చెవుల్లో రెండు పిడుదులు కనిపించాయి. మెడ మీద వేసే చుక్కల మందు ఉంది కానీ అది పెద్ద కుక్కలకు వాడేది. సగం కుక్కపిల్లకు, సగం పిల్లికి వేస్తే సరిపోతుందా?

వేపచెట్టు:
రెండో ప్రశ్నకు ముందు చెప్తాను, ఎందుకంటే అది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఆ మందు పిల్లికి ఒక్క చుక్క కూడా వేయకండి. కుక్కల చుక్కల మందుల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగ్గా ఉండదు. మొదట చెవులు, ముఖం అదురుతాయి, చొంగ కారుతుంది, తర్వాత ఒళ్లంతా వణుకు, ఫిట్స్. ఇవి కొన్ని గంటల్లోనే మొదలవ్వచ్చు, ఒక్కోసారి రెండు మూడు రోజులకూ బయటపడతాయి. మందు వేసిన కుక్కను పిల్లి నాకినా, దాన్ని ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. అలాంటి మందు కుక్కకు వాడితే మూడు రోజులపాటు రెండింటినీ వేరుగా ఉంచాలి.

పొరపాటున పిల్లి ఒంటికి అంటితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి తుడిచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే మందు చర్మంలోకి ఇంకా ఎక్కువ ఇంకుతుంది, చల్లగా ఉంటే వణుకు పెరుగుతుంది. వణుకు అప్పటికే మొదలైతే కడుగుతూ కూర్చోకుండా నేరుగా బయల్దేరండి.

కుక్కపిల్లకూ ఆ సగం లెక్క వద్దు. పెద్ద కుక్క మందును చీల్చి వాడితే డోసు అటో ఇటో తప్పుతుంది. దాని బరువుకూ వయసుకూ సరిపోయేదే తీసుకోండి. నమిలే మాత్రలు కొన్ని 8 వారాలు నిండి 2 కిలోలు దాటిన పిల్లలకు ఇవ్వొచ్చు, కానీ కనీస వయసు ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి డబ్బా మీద చూడండి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ తెచ్చి వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కోలీ, దానికి దగ్గరి జాతుల కుక్కల్లో కొన్నింటికి అది నేరుగా మెదడులోకి వెళ్తుంది.

చెవిలోని పిడుదుల్ని సన్నని మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా నేరుగా లాగండి. నూనె, కిరసనాయిలు పోస్తే పిడుదు చచ్చేలోపు నోట్లోని ద్రవాన్ని లోపలికి కక్కుతుంది. గోధుమ రంగు పిడుదు ఇంట్లోనే గుడ్లు పెడుతుంది కాబట్టి గోడ పగుళ్లు, తలుపు చట్రాలు, పడక కిందా వెతకండి. వచ్చే వారాల్లో జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, పొట్ట మీద ఎర్రచుక్కలు కనిపిస్తే రక్తపరీక్ష ఆలస్యం చేయొద్దు.

నాలుగోగది:
టీకాల సంగతికొస్తే, కోర్సు పూర్తి కాలేదు. ఎన్ని సూదులు పడ్డాయన్నది కాదు, చివరి సూది ఏ వయసులో పడిందన్నదే ముఖ్యం. ముర్రుపాల ద్వారా తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్లను కాపాడతాయి, వాటితో పాటే టీకాలోని వైరస్‌నూ పని చేయనివ్వవు. అవి ఒక పిల్లలో 8 వారాలకే తగ్గిపోవచ్చు, అదే ఈతలోని మరో పిల్లలో 14 వారాల దాకా ఉండొచ్చు. పైకి చూసి చెప్పలేం. అందుకే 2 నుంచి 4 వారాల ఎడంతో వేస్తూ, చివరిది 16 వారాలు నిండాకే పడేలా చూస్తారు. టీకాలు వేయించినా పార్వో వచ్చిందని చెప్పే చాలా కేసుల్లో చివరి డోసు 10, 12 వారాల దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

మీ పిల్లకు: 12వ వారంలో ఒకటి, 16 వారాలు నిండాక ఒకటి. 12వ వారం డోసులో లెప్టో ఉండేలా చూడండి. దానికి రెండు డోసులు పడితే తప్ప రక్షణ రాదు, తర్వాత ఏటా వేయించాలి. రేబిస్ 12 వారాలు నిండాక. ఆపైన 6 నెలల వయసులో డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్‌లకు మరో డోసు వేయిస్తే, 16 వారాలప్పుడు వేసింది కూడా పనిచేయని ఆ కొద్ది పిల్లలకూ రక్షణ దొరుకుతుంది. తర్వాత ఈ మూడింటికీ మూడేళ్లకోసారి చాలు. రేబిస్ మాత్రం మొదటి డోసు పడిన ఏడాదికి ఇంకొకటి, ఆపైన మీ దగ్గరి చట్టం, టీకా లేబులు చెప్పినట్టు.

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. పొడిలో ద్రవం కలిపాక అప్పటికప్పుడే వేయాలి. ముందే కలిపి పెట్టిన సిరంజి తీస్తే వద్దనే హక్కు మీకుంది.

వీధిలోకి 16 వారాల డోసు పడిన వారం పదిరోజులకు దించండి. అలాగని అంతవరకూ గదిలో బంధించకండి. మనుషులు, శబ్దాలు, వాహనాలు అలవాటయ్యే వయసు 3 నుంచి 14 వారాలే. చేతుల్లో ఎత్తుకుని తిప్పండి, టీకాలు సరిగ్గా పడిన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లండి. తెలియని కుక్కల మలం ఉండే నేల మీద మాత్రం దించొద్దు.

గుమ్మపాలు:
నట్టల మందు ఒక్కసారి సరిపోదు. గుండ్రటి నట్టలు తల్లి కడుపులోనే పిల్లకు చేరతాయి, పాలలోనూ వస్తాయి. మందు చంపేది పేగులో ఉన్నవాటినే. ఊపిరితిత్తుల్లో తిరుగుతున్న పిల్లపురుగులు తర్వాత పేగులోకి దిగుతాయి. ఇప్పుడు ఒకసారి, తర్వాత 6 నెలలు నిండేదాకా నెలకోసారి. డోసు బరువును బట్టి కాబట్టి ప్రతిసారీ తూచండి. పిల్లను ఎత్తుకుని తూకం ఎక్కి, మీ బరువు తీసేస్తే చాలు.

కుక్కపిల్లల కోసం వచ్చే పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన సస్పెన్షన్ (తాగించే నట్టల మందు) సాధారణంగా కిలోకు 1 మి.లీ., అంటే మీ పిల్లకు 2.8 మి.లీ. సీసా మీది బలం చూసుకునే కొలవండి. బాగా కుదిపి, సూది లేని సిరంజితో బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా పట్టండి. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మర్నాడు మలంలో నట్టలు పడితే కంగారు పడకండి, మందు పనిచేసినట్టే. పొట్ట ఉబ్బి వాంతులు ఆగకపోతే మాత్రం పేగు మూసుకుపోయి ఉండొచ్చు, అది అత్యవసరం.

తోక దగ్గర బియ్యపు గింజల్లాంటివి అంటుకుంటే అది బద్దెపురుగు. దానికి ప్రాజిక్వాంటెల్ కావాలి, పైన చెప్పిన సస్పెన్షన్‌లో అది లేదు. ఫ్లీలను (ఒంటి మీద గెంతే చిన్న పురుగులను) మింగడం వల్ల వస్తుంది కాబట్టి వాటిని వదిలించకపోతే ఎన్ని మాత్రలు వేసినా మళ్లీ వస్తుంది.

మెట్లకింద:
అందరికీ ధన్యవాదాలండి. పిల్లి గడప దాటదు కదా, దానికి కూడా టీకాలు అవసరమా? నేల తుడవడానికి ఫినాయిల్ వాడుతున్నాం, పార్వోకు అది చాలుతుందా?

వేపచెట్టు:
అవసరమే. పిల్లుల పాన్‌ల్యుకోపీనియా వైరస్ (పార్వో లాంటిదే) చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది. చిన్నప్పటి కోర్సు 16 వారాల దాకా సాగినట్టు కార్డు ఉంటే ఇప్పుడు ఒక బూస్టర్ చాలు. లేకపోతే 2 నుంచి 4 వారాల ఎడంతో రెండు. కాలికి వీలైనంత కింద వేయమని అడగండి. పిల్లుల్లో సూది పడిన చోట అరుదుగా కేన్సర్ గడ్డ రావచ్చు, కాలి మీదైతే తీసేయడం సులువు. గడ్డ 3 నెలలు దాటి ఉన్నా, 2 సెం.మీ. మించినా, నెల తర్వాత ఇంకా పెరుగుతున్నా ముక్క తీసి పరీక్షించాలి.

ఫినాయిల్ మానేయండి. పార్వో దానికి లొంగదు, పైగా అందులోని ఫినాల్ పిల్లి పాదాలకు అంటి నాకితే విషం. నేలను ముందు సబ్బునీటితో కడగండి, మురికి ఉంటే బ్లీచ్ పనిచేయదు. తర్వాత ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు 30 వంతులు కలిపి 10 నిమిషాలు తడిగా ఉంచి, మంచినీటితో కడిగి ఆరాక జంతువుల్ని వదలండి. బ్లీచ్‌లో వేరే ఏదీ కలపకండి, విషవాయువు వస్తుంది.

నాలుగోగది:
ఇంకొకటి. టీకా వేయించాక అరగంట ఆసుపత్రి దగ్గరే ఉండండి. ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండటం, కొంచెం వెచ్చబడటం మామూలే. ముఖం వాచినా, వరసగా వాంతులైనా, చిగుళ్లు తెల్లబడినా వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. జ్వరానికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ఇవ్వొద్దు. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది.