లానొక్కింతయు లేదు... మధ్య పాదాలు ఎవరికైనా గుర్తున్నాయా?

హాల్లో రౌటర్:
ఎప్పుడో చదివిన పేరడీ శార్దూలం ఒకటి పొద్దుట్నుంచీ నోట్లో నానుతోంది, మొత్తం రావట్లేదు. సందర్భం ఏంటంటే, నాన్నగారు స్కాన్ చేయించి దాచుకున్న పాత పద్యాల పీడీఎఫ్‌లన్నీ పక్కగది డెస్క్‌టాప్‌లో ఉన్నాయి, ఫోల్డర్ షేర్ చేసే ఉంది, మొన్న రౌటర్ మార్చేదాకా నా లాప్‌టాప్‌లో తెరుచుకునేది కూడా. ఇప్పుడు తెరిస్తే 0ఎక్స్80070035, నెట్‌వర్క్ పాత్ దొరకలేదు అంటుంది. పింగ్ (ఉన్నావా అని పలకరించే కమాండ్) కొడితే పలకదు, పోనీ డెస్క్‌టాప్‌కి నెట్ లేదా అంటే యూట్యూబ్ హాయిగా ఆడుతోంది. ఈ చిరాకులోనే గుర్తొచ్చింది:

లానొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె...
.....
.....
రావే యీథరు! కావవే...

మధ్యలో రెండు పాదాలు, రాసినాయన పేరు ఎవరైనా చెప్తే పుణ్యం ఉంటుంది. నెట్‌వర్క్ సంగతి తర్వాత.

కందగడ్డ:
మొదటి పాదం, చివరి పాదం రెండూ కరెక్టు అయ్యే అవకాశం లేదండీ. మూలంలో, అంటే పోతన గజేంద్రమోక్షంలో మొసలి పట్టిన ఏనుగు మొరపెట్టుకునే పద్యంలో, లావొ, ఠావుల్, నీవే, రావే, నాలుగు చోట్లా ప్రాస, అదే రెండో అక్షరం, వకారం. మీరు "లానొ" అన్నారంటే ప్రాస నకారం అయిపోయింది, మళ్ళీ చివర "రావే" అంటున్నారు. రెండిట్లో ఏదో ఒకటి మీరు కలిపిందే.

హాల్లో రౌటర్:
కలపలేదండీ. "యీథరు" నూటికి నూరుపాళ్ళు ఉంది. "లాన్", అంటే ఇంట్లో సిస్టమ్‌ల నెట్‌వర్క్, లేకపోతే అది నెట్‌వర్క్ పేరడీ ఎలా అవుతుంది మరి?

రిటైర్డ్ మాస్టారు:
పేరడీకి ప్రాస పట్టింపేమిటి నాయనా. యతి కుదిరింది కదా, లా కి పదమూడో అక్షరం లం. అది చాలు.

కందగడ్డ:
మాస్టారూ, మీరే ఇలా అంటే ఎలా. పేరడీకే ఎక్కువ పట్టింపు ఉండాలి. మూలం నడక చెవిలో మోగుతుంటేనే నవ్వొచ్చేది. ప్రాస పోయిన శార్దూలం వచన కవిత.

నెట్‌వర్క్ తమ్ముడు:
పద్యాలు నాకు అంత రావు గానీ మీ సమస్య అర్థమైంది అన్నా. రౌటర్ మారిస్తే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్ ప్రొఫైల్‌లో పెట్టేసుకుంటుంది, బస్టాండులో వైఫై వాడుతున్నట్టు. అప్పుడు ఫైర్‌వాల్ ఎవడు పిలిచినా పలకదు, పింగ్‌కీ పలకదు, ఫైల్ షేరింగ్ నడిచే 445 పోర్టూ మూసేస్తుంది, లోపల్నుంచి బయటికెళ్ళే యూట్యూబ్‌కి మాత్రం అడ్డేం ఉండదు. డెస్క్‌టాప్ దగ్గరికెళ్ళి ప్రైవేట్‌కి మార్చండి. లాప్‌టాప్‌లో మార్చి లాభం లేదు, షేర్ చేసేది డెస్క్‌టాప్ కాబట్టి అక్కడే మార్చాలి.

కందగడ్డ:
ఉండీ పలకనివాడి సంగతైతే దానికి శార్దూలం కాదు, అంతకు ముందొచ్చే కందం కావాలి. "కలడు కలండనెడువాడు కలడో లేడో." నెట్‌వర్క్ ఫోల్డర్ తెరిచి పక్క సిస్టమ్ పేరు కోసం ఎదురుచూసే ప్రతివాడూ చదవాల్సిన పద్యం. మొదటిది "కలడు", రెండోది "కలండు" ఎందుకయ్యిందో ఇక్కడెవరైనా చెప్తారా?

డల్లాస్ అక్క:
ఇదేమైనా పరీక్షా. మొదటి దాంట్లో అరసున్న, రెండోదాంట్లో నిండు సున్న. రెండోది కూడా తేల్చి "కలడు కలడనెడువాడు" అన్నామంటే ఆరో గణం "వాడుక" అని భగణం పడుతుంది, అక్కడ జగణమో నలమో ఉండాలి. ఆ తర్వాత "లడోలే" అని కందానికి పనికిరాని గణం. సున్న నిండితే "డువాడు" జగణం, "కలడో" సగణం, "లేడో" గగ, సరిగ్గా కూర్చుంటాయి.

రిటైర్డ్ మాస్టారు:
గణాల కోసం మాత్రమే అనకమ్మా. మొదటి "కలడు" లోకం తేలిగ్గా అనే మాట, రెండో "కలండు" నొక్కి చెప్పే మాట. అంతమంది అంత నొక్కి చెప్పారు కదా, మరి ఉన్నాడా అని ఏనుగు అనుమానం. ఆ సున్నలో ఉంది పోతన.

డల్లాస్ అక్క:
సున్నలో ఉన్నది ఛందస్సు మాస్టారూ. పోతన ఆ చివరి "లేడో"లో ఉన్నాడు.

హాల్లో రౌటర్:
ప్రైవేట్‌కి మార్చా తమ్ముడూ, ఫలితం ఉంది. ఇప్పుడు పింగ్ పలుకుతోంది, ఫోల్డర్ తెరవబోతే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. డెస్క్‌టాప్ తెరవడానికి రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొడితే తప్పంటోంది. సిస్టమ్ నాది, ఫోల్డర్ నాది, అకౌంట్ అడ్మిన్. అందరూ కందంలోకి వెళ్ళిపోయారు, నా శార్దూలం సంగతేమైంది?

నెట్‌వర్క్ తమ్ముడు:
పిన్ ఆ మెషీన్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది అన్నా, నెట్‌వర్క్‌లో చెల్లదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవుతున్నట్టైతే యూజర్ నేమ్ దగ్గర ఆ ఈమెయిల్ మొత్తం, కింద దాని అసలు పాస్‌వర్డ్ కొట్టాలి. ముందు లాప్‌టాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి ఆ సిస్టమ్ పేరు మీద పాతది ఏదైనా దాచుకుని ఉంటే పీకేయండి, లేదంటే అదే పంపిస్తూ ఉంటుంది. ఆ తర్వాత కూడా పర్మిషన్ లేదంటే షేరింగ్ ట్యాబ్, సెక్యూరిటీ ట్యాబ్ రెండూ చూడాలి, రెండిట్లో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది.

డల్లాస్ అక్క:
అడ్మిన్ అన్నారు కదా, మూడో పాదం ఇక్కడే దొరికింది. నకార ప్రాస అనుకుంటే:

నేనే యడ్మిను నాకె లేదనుచు నీ నెట్వర్కు గద్దించెరా

నే కి నె యతి. లెక్కపెట్టుకోండి, పంతొమ్మిది.

కందగడ్డ:
అక్కా, బావుంది. అయితే రెండో పాదం నేనేస్తా:

ఫోనుల్ చూచెను టీవి చూచె పిసి యే పోల్చంగ లేదాయెరా

ఫో కి పో. ఇంట్లో జరిగేది కూడా అచ్చం ఇదే.

రిటైర్డ్ మాస్టారు:
"పిసి" ఏమిటయ్యా? అందరూ పీసీ అంటారు. పీసీ రెండూ గురువులు, నువ్వు రెంటినీ కుదించి లఘువులు చేశావు. గణం కోసం మాట నడుం విరగ్గొట్టడమే ఇది.

కందగడ్డ:
ప్రాస అక్కర్లేదన్న మాస్టారికి దీర్ఘం అక్కరొచ్చిందా! మా వైపు కంప్యూటర్ షాపులో "పిసి అసెంబుల్ చేయిస్తారా" అనే అంటారు, హ్రస్వమే. టీవీ అనాల్సింది "టీవి" అన్నాను, దాన్నెవరూ పట్టుకోలేదే.

రిటైర్డ్ మాస్టారు:
దాన్నీ పట్టుకుందామనే ఉన్నాను, నువ్వే చెప్పేశావు.

తెల్లఠావు:
ఆలస్యంగా వచ్చా, అందరూ "లాన్" పట్టుకుని అడవిలో పడ్డారని నా అనుమానం. నా లెక్కలో ఆ పేరడీలో మొదటి పాదం అసలు మారలేదు, "లావొక్కింతయు లేదు" అనే ఉంటుంది. లావు అంటే బలం కదా, ఇక్కడ బ్యాండ్‌విడ్త్ అనుకోండి. మా ప్రకాశం జిల్లా వైపు "లావు పని పడింది" అంటారు, చాలా అన్న అర్థంలో, అదీ సరిపోతుంది. "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అంటే ఐపీ అడ్రసులు మారిపోయాయి. "మూర్ఛ వచ్చె" స్లీప్ మోడ్. "తనువున్ డస్సెన్", రౌటర్ వేడెక్కింది. "నీవే తప్ప నితఃపరం బెఱుగ", దీనికన్నా డిఫాల్ట్ గేట్‌వేని బాగా ఎవరు చెప్పగలరు, వేరే దారి తెలియని ప్యాకెట్ చివరికి వెళ్ళి పడేది అక్కడే. పద్యం అంతా పోతనదే, ఆ కవి చేసిందల్లా "యీశ్వర" తీసి "యీథరు" పెట్టడం. రెండూ గురువు, లఘువు, లఘువు, సరితూకం. ప్రాస గొడవే లేదు.

హాల్లో రౌటర్:
ఇది అందంగా ఉంది గానీ నేను చదివిన దాంట్లో లాన్ ఉందండీ, కళ్ళకు కట్టినట్టు గుర్తు.

కందగడ్డ:
తెల్లఠావు గారి మాట ఒప్పుకోబుద్ధేస్తోంది. ఈశ్వరుడి చోట ఈథర్ ఊరికే రాలేదు కూడా. సిస్టమ్‌లని తీగతో కలిపే ఈథర్నెట్‌కి ఆ పేరు పెట్టింది 1973లో జిరాక్స్ వాళ్ళ పరిశోధనశాల పార్క్‌లో మెట్‌కాఫ్, వెలుతురు ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉందని పాతకాలం శాస్త్రవేత్తలు నమ్మిన ఈథర్‌ని గుర్తుచేస్తూ. సర్వవ్యాపి అన్నమాట. 1887లో మైకెల్సన్, మోర్లే దాన్ని పట్టుకుందామని చూస్తే జాడే దొరకలేదు. కలడో లేడో.

రిటైర్డ్ మాస్టారు:
భలే. ఇది మాత్రం నాకు నచ్చింది. కానీ తెల్లఠావు గారూ, "ఎఱుగ" దగ్గర ఆగండి. చాలామంది అది "తెలుసు" అన్నట్టు చదివేస్తారు. ఎఱుగను అనే వ్యతిరేకరూపంలో చివరి ను లోపించింది. నిన్ను తప్ప ఇతరం తెలియదు అని.

తెల్లఠావు:
అది తెలియకుండానే డిఫాల్ట్ గేట్‌వే అన్నానా మాస్టారూ.

డల్లాస్ అక్క:
ఠావు అంటే చోటు సరే, మా చిన్నప్పుడు అరఠావు కాగితం అనేవాళ్ళం, రెండూ ఒకటేనా? ఠావుల్ దప్పెను అంటే నాకు ప్రింటర్‌లో పేపర్ జామ్ గుర్తొస్తుంది. మరాఠీలోనూ ఠావ్ ఉంది, చోటనే అర్థంలో.

తెల్లఠావు:
నా పేరు పెట్టుకుంది కాగితం ఠావు నుంచే అక్కా. చోటుతో చుట్టరికం ఉందో లేదో చెప్పడానికి మాత్రం నాకు లావు చాలదు.

నెట్‌వర్క్ తమ్ముడు:
ఠావుల్ దప్పడం అనేది నిజంగానే జరుగుద్ది. రౌటర్ అడ్రసులు అద్దెకిచ్చినట్టు ఇస్తుంది, గడువు తీరాకో రీస్టార్ట్ కొట్టాకో వేరే నంబర్ రావచ్చు. అన్నా, మీరు పేరుతో తెరుస్తున్నారా, నంబర్‌తోనా?

హాల్లో రౌటర్:
పాస్‌వర్డ్ కొట్టాక నంబర్‌తో తెరుచుకుంది, \\192.168.1.5 అని. పేరుతో కొడితే ఒకోసారి వస్తుంది ఒకోసారి రాదు. పేరు నాన్నగారు పెట్టింది, ఇంగ్లీషు అక్షరాల్లో "నాన్నగారి" తర్వాత గీత, "పుస్తకాలు". మొత్తం పంతొమ్మిది అక్షరాలు.

నెట్‌వర్క్ తమ్ముడు:
సిస్టమ్‌ని పేరుతో వెతికే పాత పద్ధతి నెట్‌బయాస్‌లో పేరుకి 15 అక్షరాల దాకానే అన్నా, మిగతాది కోసేస్తుంది. పెట్టేటప్పుడే విండోస్ హెచ్చరిస్తుంది, మనం ఓకే కొట్టేస్తాం. మీది "నాన్నగారి-పుస్త" దగ్గర తెగుతుంది. పేరు చిన్నది చేయండి, రౌటర్‌లో ఆ సిస్టమ్‌కి 192.168.1.5 రిజర్వ్ చేయండి, ఇక ఠావు తప్పదు. నెట్‌వర్క్ లిస్టులో కనపడకపోతే సర్వీసెస్‌లో ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ నడుస్తోందో లేదో చూడండి. కొందరు సలహా ఇస్తారు, పాతకాలం ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్ఎంబీ1 ఆన్ చెయ్ అని, ఆ పని మాత్రం చేయకండి. 2017 మేలో వానాక్రై వైరస్ ఊళ్ళమీద పడింది ఆ కంతలోంచే, అదే ఏడు చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి దాన్ని కొత్త సిస్టమ్‌లో పెట్టడమే మానేశారు.

రిటైర్డ్ మాస్టారు:
శార్దూలానికీ పంతొమ్మిదే. ఆ పేరు పెట్టినాయన లెక్కపెట్టే పెట్టి ఉంటారు.

కందగడ్డ:
మాస్టారూ, ఇంగ్లీషు అక్షరాలు పంతొమ్మిది. తెలుగులో నా-న్న-గా-రి-పు-స్త-కా-లు, ఎనిమిదే.

రిటైర్డ్ మాస్టారు:
నీతో వాదించడం కన్నా మొసలి నయం.

హాల్లో రౌటర్:
పేరు మార్చనండీ, అది నాన్నగారు పెట్టింది. నంబర్ రిజర్వ్ చేస్తా. ఇప్పుడు ఫోల్డర్ తెరుచుకుంది కాబట్టి ఆ పేరడీ అందులో ఏ ఫైల్లోనైనా ఉందేమో వెతుకుతా, అన్నీ స్కాన్ బొమ్మలే, ఒక్కోటీ తెరిచి చూడాలి. ఈలోపు నాలుగో పాదం నకార ప్రాసతో ఎవరైనా వేస్తారా?

డల్లాస్ అక్క:
"అల వైకుంఠపురంబులో" దగ్గర పోతన ఆగిపోయి బయటికెళ్తే దేవుడే వచ్చి పూర్తి చేశాడంటారు. మీరూ రౌటర్ ముందు కలం పెట్టి అలా వీధిలోకి వెళ్ళి రండి.

తెల్లఠావు:
వెళ్ళేటప్పుడు ఆ పోతన ఏ ఊరివాడో కూడా అడిగి రండి, బమ్మెరా ఒంటిమిట్టా అని ఇక్కడ ఇంకో రెండొందల కామెంట్లు పడతాయి.

రిటైర్డ్ మాస్టారు:
బమ్మెరే. అందులో అడగడానికేముంది?

కందగడ్డ:
మొదలైంది. నేను మాత్రం "పిసి" హ్రస్వం అన్న మాట మీదే ఉన్నాను.