క్యారవాన్‌లో నెట్: రెండు సిమ్‌ల రౌటర్ చాలదా, బూస్టర్ కావాలా?

రాయగడ_బండి: సెలవులకు ఒడిశాలో కోరాపుట్, జైపూర్ మీదుగా దేవమాలి కొండ, డుడుమా జలపాతం వైపు క్యారవాన్‌లో తిరుగుదామని ప్లాన్. ఆఫీసు మీటింగులు మాత్రం తప్పవు. సిగ్నల్ బూస్టర్ కొనమని ఒకరు, రెండు సిమ్‌ల రౌటర్, పైన యాంటెన్నా చాలని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు?

సిరోంచ_గోదారి: బూస్టరే. మా ఆలాపల్లి అడవి దారిలో ఒక్క గీత వస్తే గొప్ప. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారుగా, భయమెందుకు?

బరంపురం_రేడియో: అమ్ముతున్నారు కదా అంటే గంజాయీ అమ్ముతున్నారు, కొంటామా అన్నా? లైసెన్స్ లేకుండా రిపీటర్, అంటే ఈ బూస్టర్, దగ్గర పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. పైగా అది టవర్‌ని గోలతో నింపేస్తుంది, ఊరందరి ఫోన్లకూ సిగ్నల్ పాడవుతుంది.

యాంటెన్నా సంగతి వేరు. బండి ఒళ్లంతా రేకే, లోపల పెట్టిన రౌటర్‌కి సిగ్నల్ సరిగా అందదు. యాంటెన్నా పైకప్పు మీద బిగించి కేబుల్ వీలైనంత పొట్టిగా ఉంచండి. కేబుల్ పొడుగైన కొద్దీ పట్టిన సిగ్నల్‌ని అదే తినేస్తుంది. 12 వోల్టుల రౌటర్ తీసుకుంటే ఇన్వర్టర్ గొడవ లేదు. ఒక సిమ్ బీఎస్ఎన్ఎల్‌ది పెట్టండి. 2025 సెప్టెంబర్‌లో మన ఒడిశాలోనే, ఝార్సుగుడలో, వాళ్ల స్వదేశీ 4జీ ప్రారంభమైంది. అది 700 మెగాహెర్ట్జ్ మీద కూడా నడుస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గితే సిగ్నల్ చెట్లను దాటుకుని దూరం పోతుంది. రౌటర్‌కి బ్యాండ్ 28 (ఆ 700 మెగాహెర్ట్జ్‌కి పెట్టిన నంబరు) లేకపోతే మాత్రం అది అందదు, చూసి కొనండి.

కోరాపుట్_మేస్టారు: అన్నీ బాగున్నాయి గాని, లోయలో దిగాక యాంటెన్నా ఏం చేస్తుంది బాబూ? ఉన్న సిగ్నల్‌ని పట్టుకుంటుంది, లేనిదాన్ని పుట్టించదు. రెండు కంపెనీల సిమ్‌లున్నా ఒక్కోచోట రెండింటికీ టవర్ ఒకటే. వానాకాలం కరెంటు పోయి టవర్ బ్యాటరీ అయిపోయినా, దానికొచ్చే ఫైబర్ కేబుల్ తెగినా రెండూ కలిసే పోతాయి. మీటింగు ఉన్న రోజు జైపూర్‌లోనో కోరాపుట్‌లోనో ఆగండి. డుడుమా ఆదివారం చూడొచ్చు.

సిరోంచ_గోదారి: ఇంత టెన్షన్ ఎందుకు? ఉపగ్రహాల నుంచి నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో లైసెన్స్ ఇచ్చారుగా.

బరంపురం_రేడియో: లైసెన్స్ ఇవ్వడం వేరు, డిష్ మన చేతికి రావడం వేరు. వచ్చినా దానికి పైన ఆకాశం తెరిపిగా ఉండాలి. మీ టేకు అడవిలో చెట్టు కింద బండి ఆపితే అదీ అంతే.

రాయగడ_బండి: బూస్టర్ మాట వదిలేశాను. మేస్టారూ, జైపూర్‌లో రాత్రి బండి నిలిపితే ఎవరూ లేపని చోటేదైనా ఉందా?