పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఏజెంటుకు 4,500 ఇయ్యాల్నా?

జగిత్యాల పోరడు
మా నాయిన దుబాయిల 22 ఏండ్ల నుంచి పనిచేస్తున్నడు. ఇప్పుడు 45 రోజుల సెలవు మీద ఇంటికొచ్చిండు. పాస్‌పోర్టు ఇంకో ఏడు నెలలల్ల అయిపోతది. ఆరు నెలలకు తక్కువ పడితే ప్రయాణానికి తిప్పలైతది, అందుకే ఇక్కడనే చేయిద్దామని ఊళ్లె ఏజెంటు దగ్గరికి పోయినం. 4,500 అడిగిండు. 36 పేజీల బుక్కుకు సర్కారు ఫీజు 1,500. మిగిలిన 3,000 దేనికంటే "స్లాటు నేను తెప్పిస్త, పోలీసోళ్లను నేను చూసుకుంట" అన్నడు. లేచి వచ్చి ఫోన్ల నేనే ఫారం నింపిన. కరీంనగర్ పాస్‌పోర్టు కేంద్రంల వచ్చే బేస్తవారం స్లాటు దొరికింది.

నాయినకు మాత్రం నమ్మకం కుదురుతలేదు. "ఇన్నేండ్లు ఆయననే చేసిండు, నువ్వేమన్న తప్పు రాస్తే నా నౌకరి పోతది" అంటున్నడు. నేననేది, రెన్యువల్‌కు ఏజెంటుకు పైసలిచ్చుడంటే మోసాన్ని మనమే సాదుకునుడు. మీరేమంటరు?

బెజవాడ అమ్మాయి
పూర్తిగా మీ మాటే నాది. పోయిన నెలే నా పాస్‌పోర్టు మార్చుకున్నాను, ఏ ఏజెంటూ లేడు. ఒక్కచోటే కాస్త తికమకపడ్డాను. వెబ్‌సైట్‌లో రెన్యువల్ అన్న మాట ఉండదు, 'రీ-ఇష్యూ' అని ఉంటుంది. అది తెలిస్తే మిగతాది ఒక సాయంత్రం పని. పాత పాస్‌పోర్టు, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్సుల మీద మన సంతకం, చిరునామాకి ఆధార్. లోపల మూడు కౌంటర్లు. 'ఏ'లో టీసీఎస్ అనే ప్రైవేటు కంపెనీ సిబ్బంది కాగితాలు స్కాన్ చేసి ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. 'బి', 'సి'లలో ప్రభుత్వ అధికారులు చూస్తారు. ఇందులో ఏజెంటు మనకోసం చేయగలిగింది ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

స్లాటు తెప్పిస్తాననడం కూడా వట్టి మాట. 2018 నుంచి దేశంలో ఏ కేంద్రంలోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కరీంనగర్‌లో లేకపోతే నిజామాబాద్ చూసుకుంటాం. చిరునామా మారకపోతే చాలాసార్లు పోలీసులు ఇంటికి రాకుండానే కొత్త పుస్తకం వచ్చేస్తుంది. ఒకవేళ వచ్చినా వాళ్లకి రూపాయి ఇవ్వాల్సిన పని లేదు.

నెట్ సెంటర్ అన్న
చెల్లె చెప్పింది చదువుకున్నోళ్లకు కరెక్టే. నాది మెట్‌పల్లి దిక్కు చిన్న ఇంటర్నెట్ సెంటర్. పాస్‌పోర్టు ఫారం నింపితే 200 తీసుకుంట. నన్ను గూడ 3,000 గుంజేటోళ్లతోని కలిపి దొంగ అంటే మనసుకు కష్టమైతది.

ఫారం ఇంగ్లీషులనో హిందీలనో ఉంటది, తెలుగుల లేదు. నా దగ్గరికి వచ్చేటోళ్లల్ల చానమందికి ఈమెయిల్ ఉండదు. అన్నిటికంటె పెద్ద గోస ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందల ఉంటది, ఆధార్‌ల ఒక్క అక్షరం రాసి చుక్క పెడ్తరు. పాస్‌పోర్టుల పొడి అక్షరాలు నడవయి, ఇంటిపేరు పూర్తిగ రాయాలె, అది సర్‌నేమ్ గడిలనే ఉండాలె. పాత పాస్‌పోర్టుల ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు ఉంటే కౌంటర్ల ఆపుతరు. కూలి పని ఇడిచి బస్సెక్కి పోయినోడు ఉత్త చేతులతోని వాపసు వస్తడు. ఆ ఒక్క గడి సక్కగ నింపినందుకే నేను 200 తీసుకునేది.

తమ్మీ, నిన్నొకటి అడుగుత. మీ నాయిన పాస్‌పోర్టుల ఈసీఆర్ అచ్చు, అంటే గల్ఫ్ దిక్కు పనికి పోవాలంటే ముందుగాల సర్కారు క్లియరెన్సు కావాలనే అచ్చు, ఉన్నదా? తీయించేటట్టు ఫారంల పెట్టినవా?

విశాఖ పెద్దాయన
నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఏజెంట్ల విషయంలో ఫీజు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. దరఖాస్తులో వాళ్ల ఫోన్ నంబరు, వాళ్ల ఈమెయిలే పెట్టేస్తారు. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వస్తుంది, అసలు మనిషి చేతికే ఇవ్వాలి. ఎప్పుడొస్తుందో మెసేజ్ ఏజెంటు ఫోన్‌కి పోతుంది, ఇంటికి తాళం, కవరు తిరిగి వెళ్లిపోతుంది. అలా వెళ్లినవి నా చేతుల మీదుగానే చూశాను. బాబూ, మీరు నాన్నగారి నంబరే పెట్టారు కదా? మంచి పని చేశారు. నెట్ సెంటర్ ఆయన కూడా దయచేసి ఇది పాటించాలి.

నెట్ సెంటర్ అన్న
పాటిస్తున్న సార్. పాస్‌వర్డు గూడ కాగితం మీద రాసి వాళ్లకే ఇస్త.

జగిత్యాల పోరడు
అన్నా, నాన్-ఈసీఆర్‌కు అర్హులేనా అన్న గడిల 'నో' పెట్టిన. నాయిన పది ఫెయిల్ గదా, పది పాసైతేనే తీస్తరనుకున్న.

నెట్ సెంటర్ అన్న
పది పాసు ఒక్కటే తొవ్వ కాదు తమ్మీ. 50 ఏండ్లు దాటినోళ్లకు తీస్తరు. మూడేండ్లకు మించి బయటిదేశంల ఉన్నోళ్లకు గూడ తీస్తరు, వరుసగ ఉండాలని లేదు, మధ్యమధ్య వచ్చిపోయినా లెక్కే. చివరి పేజీల దిక్కు 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్' (ఈసీఆర్ అంటే ఇదే) అని అచ్చు ఉంటే, దుబాయి, సౌదీ, ఖతర్ అసొంటి 18 దేశాలకు పని వీసా మీద కొత్తగ పోయినప్పుడల్ల క్లియరెన్సు కావాలె. మీ నాయినకు వయసెంత?

జగిత్యాల పోరడు
54. అంటే పదేండ్ల కింద రెన్యువల్ అయినప్పుడే, 12 ఏండ్లు అక్కడ పనిచేసిన లెక్కల, తీయించొచ్చన్నట్టు. ఆ ఏజెంటు అప్పుడు చెప్పలే. మధ్యల నాయిన రెండుసార్లు ఇంటికొచ్చి కొత్త కంపెనీ వీసా మీద పోయిండు. రెండుసార్లూ క్లియరెన్సు చేయించినందుకు పైసలు తీసుకున్నది గూడ ఆయననే. ఇప్పుడే నాయినకు సదివి వినిపించిన. చానసేపు ఏం మాట్లాడలే, పాత పాస్‌పోర్టులన్నీ తీసి ముంగట పెట్టుకుని కూసున్నడు.

కానీ నేను గూడ 'నో'నే పెట్టిన గదా. గా తప్పు నాదే.

బెజవాడ అమ్మాయి
మీ తప్పు కాదండీ. నేను మొదట రాసిందాంట్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. నాకు పని సులువైంది నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి, గల్ఫ్ పాస్‌పోర్టు కాదు కాబట్టి. అయినా 3,000 విషయంలో నా మాట మారదు. తెలుగు రాష్ట్రాల నుంచి ఇంతమంది గల్ఫ్‌కి వెళ్తుంటే ఫారం తెలుగులో ఎందుకు ఉండకూడదు? అది వచ్చేదాకా ఇలాంటి ఏజెంట్లు బతుకుతూనే ఉంటారు.

గురువారం 'ఏ' కౌంటర్లో కూర్చోగానే ఈసీఆర్ సంగతి చెప్పండి. వివరాలు సరిదిద్దేది అక్కడే. 'బి'కి వెళ్లకముందే చూసుకోండి.

నెట్ సెంటర్ అన్న
సోమవారం పొద్దుగాల నాయినను తోలుకొని రా తమ్మీ. పాత పాస్‌పోర్టులన్నీ తెండి. ముద్రలు పడ్డ పేజీలన్నీ జిరాక్స్ తీసి పెడ్త. ఆధార్‌ల ఇంటిపేరు ఎట్లున్నదో గూడ అప్పుడే చూద్దాం.