డోలమైట్స్‌లో కార్లు ఆపడం, బాట మీద గేటు పెట్టడం: న్యాయమేనా?

ఇసార్‌గట్టు (మ్యూనిక్)

అందరికీ నమస్కారం. ఉత్తర ఇటలీలో డోలమైట్స్ కొండలకి పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే తెలుగువాళ్లు మ్యూనిక్‌లో చాలామందే ఉన్నాం, అందుకే ఇక్కడ అడుగుతున్నా. బ్రాయెస్ సరస్సుకి జులై 10 నుంచి సెప్టెంబర్ 10 దాకా, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు వరకు, ముందే బుక్ చేసుకోకపోతే కారు పోనివ్వరు. త్రే చిమే శిఖరాల కిందున్న ఔరోంజో బస దాకా వెళ్లే టోల్ రోడ్డుకి 2024లో కారుకి 30 యూరోలు ఉండేది, 2025లో 40 చేశారు, అదీ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటేనే. ఇక 2025 జులైలో సెచేదా కొండ మీద భూమి యజమానులు బాటకి అడ్డంగా తిరిగే గేటు పెట్టి మనిషికి 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టారు.

2009లో యునెస్కో ప్రపంచ వారసత్వం అని ప్రకటించిన కొండలివి. అంటే అందరివీ అనే కదా? ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు, నాన్నకి మోకాళ్ల నొప్పులు, వాళ్లని రైల్లో ఫోర్టెజ్జా దాకా, అక్కడ దిగి పుస్తేరియా లోయ రైలు, అది దిగి బస్సు అంటూ తిప్పగలమా? పోవడానికే అయిదు గంటలు పడుతుంది. కారులో మూడు, మూడున్నర. నాకు మాత్రం ఇది డబ్బున్నవాళ్లకి దారి వదిలి మిగతావాళ్లని బయటే ఆపడంలా కనిపిస్తోంది. మీరేమంటారు?

కొండగాలి (స్టుట్‌గార్ట్)

నేనూ అదే మాట అంటాను, కానీ నా కారణం వేరు. కొండల్లో ఏ రోజు వెళ్లాలో చెప్పేది వాతావరణం. వేసవిలో అక్కడ మధ్యాహ్నం దాటితే ఉరుములు, పిడుగులు మామూలే. వారం ముందు 40 యూరోలు కట్టేసి కూర్చున్నవాడు ఆ రోజు మబ్బు పట్టినా సరే, డబ్బు పోతుందని పైకి వెళ్తాడు. ఇలాంటి బుకింగ్ మనుషుల్ని ప్రమాదంలోకి తోస్తుంది. తేదీ మార్చుకునే వీలు ఇవ్వకుండా స్లాట్లు పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

పడోవా చదువరి

అన్నా, మీ ఇద్దరి మాటల్లోనూ అందరికీ కారు ఉంటుందన్నట్టే ఉంది. మా లాంటి స్టూడెంట్స్‌కి లేదు. మేం వెనిస్ పక్కనున్న మెస్త్రే నుంచి, కొండల్లో ఉన్న కోర్టినా ఊరికి నేరుగా వెళ్లే బస్సెక్కి, అక్కడి నుంచి మళ్లీ లోకల్ బస్సులోనే తిరుగుతాం. ఆగస్టులో ఆ ఇరుకు రోడ్ల మీద రెండు పక్కలా కార్లు ఆపేస్తే బస్సు మలుపు తిరగలేక నిలబడిపోతుంది, అది లేటయితే వెనక్కి తీసుకెళ్లే చివరి బస్సు పోతుంది, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో కారులో వచ్చేవాళ్లకి తెలీదు. సొరాపిస్ సరస్సుకి నడక మొదలయ్యే త్రే క్రోచి కనుమ దగ్గర చూడండి, కార్ల మధ్యలోంచి రోడ్డు మీదే నడవాలి. డబ్బున్నవాళ్లకే దారి అన్నారు కదా, కారే లేనివాళ్ల సంగతి ఎవరు మాట్లాడతారు?

బొల్జానో బాట

నేను ఉద్యోగం కోసం బొల్జానో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇసార్‌గట్టు గారూ, బ్రాయెస్ లోయకి ఉన్నది ఒకటే రోడ్డు, అది సరస్సు దగ్గర ఆగిపోతుంది, అవతలికి దారి లేదు. 2011లో మొదలైన ఒక ఇటలీ టీవీ సీరియల్ అక్కడ తీశారు, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్ ఊపందుకుంది, చెక్క పడవల ఫోటో కోసం జనం విరగబడ్డారు. లోపలికి వెళ్లిన ప్రతి కారూ అదే రోడ్డున బయటికి రావాలి. ఆ లోయలో బతికేవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లాలన్నా, పిల్లల్ని దించి రావాలన్నా ఆ క్యూలోనే ఉండాలి. అందుకే కార్లు ఆపారు. నడిచి వచ్చేవాళ్లకి, సైకిల్ మీద వచ్చేవాళ్లకి ఏ అడ్డూ లేదు. తొమ్మిదిన్నర లోపు వస్తే ఆ నియమం మీకూ వర్తించదు. ఇందులో పేద, గొప్ప తేడా ఎక్కడుంది?

పెద్దవాళ్ల విషయం అన్నారు, అది నిజమైన ఇబ్బందే, కానీ దానికి జవాబు ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. ఆల్పే ది సియూసి పేరు వినే ఉంటారు, దాదాపు 56 చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానం, యూరప్‌లో ఎత్తైన చోట ఉన్నవాటిలో ఇదే అతి పెద్దది. 2003లో సియూసి ఊరి నుంచి పైకి కేబుల్ కారు వేశారు, అప్పటినుంచి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా మామూలు కార్లకి ఆ రోడ్డు మూసేస్తారు. పైన హోటల్లో దిగినవాళ్లకి మాత్రం అనుమతి ఉంటుంది. మీ నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లండి. కేబుల్ కారులో కూర్చుంటే కొంపాచోలో దించుతుంది, అక్కడి నుంచి వెడల్పాటి చదును దారులు, పిల్లల బండి కూడా తోసుకెళ్లొచ్చు, ఎదురుగా సస్సోలుంగో శిఖరం, ఇటు షిలియార్ కొండ. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కార్ పార్కింగ్‌లో దిగి జనంలో నడవడం కంటే ఇది ఎంత సుఖమో మీరే చూస్తారు. త్రే చిమే అయినా అంతే. పుస్తేరియా లోయలోనే ఉన్న దోబ్బియాకో ఊరి నుంచి బస్సు నేరుగా 2,320 మీటర్ల ఎత్తులో ఉన్న ఔరోంజో బస ముందు ఆగుతుంది. సీటు ముందే బుక్ చేసుకోవాలి, అంతే. అక్కడి నుంచి లవరేదో బస దాకా దారి దాదాపు సమంగానే ఉంటుంది, మెల్లగా నడిచినా సరిపోతుంది. దాదాపు పది కిలోమీటర్ల చుట్టు తిరగాలనుకునేవాళ్లు తిరుగుతారు, పెద్దవాళ్లు అక్కడ కూర్చుని కాఫీ తాగి వెనక్కి వస్తారు.

తిరుమలకి 300 రూపాయల దర్శనం టికెట్ నెలల ముందే బుక్ చేసుకుంటాం, ఏడుకొండలవాడు అందరి దేవుడే అయినా బుకింగ్ ఎందుకని ఎవరూ అడగరు. చోటు చిన్నది, మనుషులు ఎక్కువ, వరస పెట్టక తప్పదు.

ఇంకో మాట. ఈ దక్షిణ టైరోల్ ప్రాంతంలో 2022లోనే హోటల్ పడకల సంఖ్య ఇక పెరగకుండా చట్టం చేశారు. అంటే స్థానికులు తమ రాబడికే హద్దు పెట్టుకున్నారు. రాత్రి ఉండేవాళ్లకి హద్దు పెట్టి, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లని ఎంతమందైనా రానివ్వడం కుదరదు కదా.

కొండగాలి (స్టుట్‌గార్ట్)

వాతావరణం గురించి నేనన్నదానికి జవాబు రాలేదు.

బొల్జానో బాట

అందులో మీరు చెప్పిందే సరైనది కొండగాలి గారూ. కొండ దారికి అమ్మే టికెట్‌లో, వాన హెచ్చరిక ఉన్న రోజు తేదీ మార్చుకునే వీలు తప్పకుండా ఉండాలి. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా దిగిపోవడం ఇక్కడివాళ్ల పద్ధతి, బుకింగ్ ఆ పద్ధతికి అడ్డం రాకూడదు. 40 యూరోలు పోతే పోయాయి అనుకోండి, పైన ఇరుక్కుని దెబ్బ తగలకుండానే హెలికాప్టర్ పిలిస్తే, ఔరోంజో రోడ్డు ఉన్న వెనెతో ప్రాంతంలో వేల యూరోల బిల్లు రావచ్చు.

ఇసార్‌గట్టు (మ్యూనిక్)

ఆల్పే ది సియూసి సంగతి బాగా చెప్పారు, నాన్న విషయంలో నాకు అది పనికొస్తుంది. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. అది పనిచేసింది ఎందుకంటే ముందు కేబుల్ కారు వేశారు, తర్వాత రోడ్డు మూశారు. మిగతా చోట్ల ముందు గేటు వస్తోంది, బస్సు మాత్రం అంతంత మాత్రం. ఇంకా సెచేదా మీద ఆ 5 యూరోలు ఎందుకు? కింద ఓర్తిసెయి ఊరి నుంచి కేబుల్ కారుకి బోలెడంత కట్టి పైకి వెళ్తే, పైన మళ్లీ ఇంకో చెయ్యి చాచడమా?

బొల్జానో బాట

సెచేదా గేటుని నేను సమర్థించను. కానీ ఆ రైతుల కోపం మాత్రం అర్థం చేసుకోవాలి. ఆ గడ్డి అలంకారానికి కాదు. ఆ ఎత్తులో ఏడాదికి ఒక్కసారే కోత, ఆ ఎండుగడ్డే చలికాలమంతా పశువులకి మేత. ఫోటో కోసం బాట దిగి తొక్కేసిన గడ్డి నేలకి అంటుకుపోతుంది, కోత యంత్రానికి అందదు. ఇంత మందిని పైకి మోసినందుకు కేబుల్ కార్ కంపెనీకి టికెట్ డబ్బులు వస్తాయి, చెత్త ఏరుకునేది మాత్రం భూమి ఉన్నవాడు. అయినా 5 యూరోలు కట్టినవాడు 'కట్టాను కదా' అని ఇంకా ధైర్యంగా గడ్డిలోకి దిగుతాడు. ధర పెంచితే జనం తగ్గరు, బ్రాయెస్, త్రే చిమే చూస్తే ఆ సంగతి తెలుస్తూనే ఉంది. రోజుకి ఇంతమందే అని కేబుల్ కారు దగ్గరే లెక్క పెట్టి ఆపాలి, ఆ టికెట్‌లోంచే రైతుకి వాటా ఇవ్వాలి.

గోదారి గట్టు (మిలాన్)

ఇంత గొడవ ఎందుకండీ? అందరూ ఆ మూడు నాలుగు చోట్లకే ఎందుకు పోవాలి? దక్షిణ టైరోల్ పక్కనే త్రెంతినో ప్రాంతంలో తోవెల్ సరస్సు ఉంది, ఒకప్పుడు వేసవిలో ఎర్రగా మారేది, 1964 తర్వాత మారడం ఆగిపోయింది, ఇప్పటికీ నీళ్లు అద్దంలా ఉంటాయి. తూర్పున ఫ్రియూలి ప్రాంతం వైపు డోలమైట్స్‌కి వెళ్తే సగం రోజు మనిషే కనపడడు. నాకు తెలిసిన ఇంకో నాలుగు లోయల పేర్లు, పార్కింగ్ లొకేషన్లు కావాలంటే ఇక్కడే పెడతాను.

పడోవా చదువరి

దయచేసి లొకేషన్లు పెట్టకండి. బ్రాయెస్ కూడా ఇలాగే మొదలైంది. బస్సు లేని లోయకి మీ లిస్టు చూసి యాభై కార్లు వెళ్తే అక్కడా గేటు వస్తుంది. తోవెల్‌కి కూడా వేసవిలో షటిల్ బస్సు నడుస్తోందంటే అక్కడి పరిస్థితి ఊహించుకోండి.

ఇసార్‌గట్టు (మ్యూనిక్)

బస్సు ఉన్నచోట కారు ఆపితే నాకు అభ్యంతరం లేదు, అది ఒప్పుకుంటున్నాను. బస్సు సరిగా లేనిచోట ఆపితే మాత్రం ఒప్పుకోను. ఇంకా త్రే చిమే రోడ్డు మీద వచ్చే డబ్బులో ఎంత బస్సుల మీద పెడుతున్నారో ఔరోంజో మునిసిపాలిటీ అందరికీ కనపడేలా పెట్టాలి, అది తెలిస్తే నేను 40 ఏంటి, 50 అయినా కడతాను. మరి ఒక్కరోజు ట్రిప్పు సంగతి? ఆగస్టులో అక్కడ గది దొరకడం, దొరికినా ఆ రేటు భరించడం అందరివల్లా అవుతుందా?

బొల్జానో బాట

దోబ్బియాకో స్టేషన్ పక్కనే పాత గ్రాండ్ హోటల్ భవనంలో యూత్ హాస్టల్ ఉంది, కుటుంబాలూ దిగొచ్చు. పైగా దక్షిణ టైరోల్‌లో చాలా బసల్లో దిగినవాళ్లకి గెస్ట్ పాస్ ఇస్తారు, దాంతో ఇక్కడి లోకల్ రైళ్లు, బస్సులు ఉచితం. బుక్ చేసే ముందు ఆ పాస్ ఇస్తారో లేదో అడగండి. మ్యూనిక్ నుంచి పోను రాను ఆరేడు గంటలు డ్రైవింగ్ చేసి, ఒక ఫోటో తీసుకుని, రాత్రి బ్రెన్నర్ కనుమ ట్రాఫిక్‌లో నిద్ర ఆపుకోవడం కంటే ఒక్క రాత్రి ఉండటం అమ్మగారికీ నాన్నగారికీ కూడా మంచిది. సెలవు దొరికితే సెప్టెంబర్ 10 దాటాక రండి, సరస్సు రోడ్డు తెరిచే ఉంటుంది. బస్సుల చివరి టైములు మాత్రం ముందే చూసుకోండి, సీజన్ దాటాక తగ్గిపోతాయి.