పాలస్తీనా గ్రామం దేర్ యాసీన్ మృతుల లెక్క: కాగితాన్ని నమ్మాలా, మనిషి జ్ఞాపకాన్నా?

పాతకాగితం:
ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 యుద్ధకాలంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనా అరబ్బులు ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నారన్న దానిపై చరిత్రకారుల మధ్య పెద్ద తగాదా లేదు. ఎందుకు, ఎలా అన్న దగ్గరే పేచీ. నా మాట ఇది: నలభై ఏళ్ల తర్వాత వృద్ధులు చెప్పుకున్న సంగతుల మీద చరిత్ర నిలబడదు. తమ నాయకులు రేడియోలో పొమ్మంటేనే అరబ్బులు వెళ్లిపోయారన్న కథ, 1980లలో ఇజ్రాయెల్ పత్రాగారాలు తెరుచుకున్నాకే కదా కూలింది! కూల్చినవారిలో ముఖ్యుడైన ఇజ్రాయెలీ చరిత్రకారుడు బెన్నీ మోరిస్ ఇంటర్వ్యూలను దాదాపు పక్కనపెట్టి పత్రాల మీదే పనిచేశాడు.

తాళంచెవి:
కాదండీ. ఆ రేడియో కథ తప్పని పాలస్తీనా చరిత్రకారుడు వలీద్ ఖాలిదీ 1959లోనే రాశారు. పాలస్తీనీయుడు చెబితే చెవిన పెట్టనివారు, అదే మాట ఇజ్రాయెలీ చరిత్రకారుడు చెప్పాక నమ్మారు. పోనీ పత్రాలు దొరికితే తగాదా తీరిందా? వలసకు యుద్ధమే కారణం, ముందస్తు పథకం లేదని మోరిస్ అన్నాడు. 1948 మార్చి నాటి యూదు సైన్యపు యుద్ధ పథకం 'ప్లాన్ దాలెత్' చూపించి ఇది జాతి ప్రక్షాళనే అన్నాడు మరో ఇజ్రాయెలీ చరిత్రకారుడు ఇలాన్ పపే. అయినా ఆ పత్రాలు ఎవరివి? గెలిచిన సైన్యానివి. ఊరొదిలి పరుగెత్తిన రైతుకు పత్రాగారం ఎక్కడిది?

పాతకాగితం:
రైతు మీద నాకు కోపం లేదు. కానీ 1948లో తంతూరా అనే పాలస్తీనా గ్రామంలో జరిగిందన్న ఊచకోతపై ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయంలో వచ్చిన పరిశోధన సంగతి గుర్తుందా? ఇంటర్వ్యూ టేపుల్లో ఉన్నదానికీ వ్యాసంలో రాసినదానికీ కొన్నిచోట్ల పొంతన లేదని కోర్టులో తేలింది.

తాళంచెవి:
అది రాసుకున్నవాడి అజాగ్రత్త, చెప్పినవారి తప్పు కాదు. అక్కడ హత్యలు జరిగాయని 2022 డాక్యుమెంటరీలో మాజీ సైనికులే కొందరు కెమెరా ముందు చెప్పారు. ఇక దేర్ యాసీన్ చూడండి. జెరూసలేం దగ్గరి ఆ ఊరిపై 1948 ఏప్రిల్ 9న యూదు సాయుధ దళాలు దాడి చేశాయి. 254 మంది చనిపోయారని దాడి చేసిన ఒక దళం నాయకుడే విలేకరులకు చెప్పాడు. పత్రికలు అచ్చేశాయి. భయపెట్టడానికి వాళ్లకూ, దారుణాన్ని చాటడానికి అరబ్బులకూ ఆ అంకె పనికొచ్చింది. 1987లో పాలస్తీనాలోని బీర్‌జైత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బతికి బయటపడ్డవారి దగ్గర కూర్చుని పేరుపేరునా లెక్కిస్తే 107 తేలింది. జ్ఞాపకం గోరంతలు కొండంతలు చేస్తుందనేవారు దీనికేమంటారు?

రాతిగోడ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఆ ఊరి రాతి ఇళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి, 1951లో పెట్టిన మానసిక వైద్యశాల ఆవరణలో. కంచె బయటి నుంచి కనిపిస్తాయట.

పాతకాగితం:
254 అన్న అంకెను నేనూ నమ్మి పొరబడ్డాను, ఒప్పుకుంటాను. కానీ బ్రిటిష్ పాలనలో వచ్చిన 1945 గ్రామ గణాంకాల పుస్తకంలో దేర్ యాసీన్ జనాభా 610. 254 అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరు చనిపోయారన్నమాట. ఆ పుస్తకం తెరిచి చూసినా అనుమానం రావాలి కదా! నలభై ఏళ్లపాటు ఎవరూ ఎందుకు తెరవలేదు?