అప్‌డేట్: డబ్బిచ్చి రాయించిన యాప్ కోడ్ ఎవరిది?

మా పచ్చళ్ల వ్యాపారానికి యాప్ చేసిన ఫ్రీలాన్సర్ ఇప్పుడు కోడ్ తనదే అంటున్నారని గత నెల అడిగాను కదా. ఆయన అన్నది నిజమేనండి! ఆయన మా ఉద్యోగి కాదు, మా దగ్గర ఇన్‌వాయిస్ తప్ప ఒప్పందం లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం హక్కు రాసినవాళ్లదే.

నిన్న అసైన్‌మెంట్ డీడ్ (కోడ్ హక్కును ఆయన నుంచి మాకు బదిలీ చేసే పత్రం) మీద సంతకాలయ్యాయి. మొదటి డ్రాఫ్టులో కాలపరిమితి, ప్రాంతం రెండూ రాయలేదు. లాయర్ గారు అక్కడే పెన్ను ఆపారు. అలా వదిలేస్తే సెక్షన్ 19 కింద హక్కు 5 ఏళ్లకే, అదీ ఇండియా వరకేనట. మా ఆర్డర్లలో సగం అమెరికావి! 'కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా' అని రాయించాం. ఫ్రీలాన్సర్ గారి పాత లాగిన్ మాడ్యూల్ (లాగిన్ పని చేసే కోడ్ భాగం) మాత్రం ఆయనదే, దాన్ని వాడుకోవడానికి మాకు శాశ్వత లైసెన్స్ ఇచ్చారు. రాత్రి టెన్షన్ లేకుండా నిద్రపోయాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.