ఏఐ రాసిచ్చిన క్వెరీలో లెక్క తప్పుంటే, నడిపించే ముందే ఎట్లా పట్టుకోవాలి?

మిర్యాలగూడ_అకౌంట్స్

అన్నలకు, అక్కలకు నమస్తే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. బీకాం చదివాను, డేటాబేస్ ఎవరూ నేర్పలేదు. సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన అబ్బాయి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి సేటు ఏ లిస్టు అడిగినా ఏఐతో మైఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేస్‌ను లెక్క అడిగే ఆదేశం) రాయించుకుని తీసిస్తున్నాను. యాసంగి వడ్లు దిగే రోజుల్లో సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల నుంచి ట్రాక్టర్లు పొద్దూమాపూ వస్తూనే ఉంటాయి. చేత్తో లెక్కలు తీసే వీలుండదు.

పోయిన వారం "ఎవరెవరికి ఇంకా పైసలు ఇవ్వాలో రైతుల లిస్టు కావాలి" అని ఏఐని అడిగాను. రైతువారీగా కొన్న వడ్ల మొత్తం ఒక పక్క, ఇచ్చిన పేమెంట్ల మొత్తం ఒక పక్క కూడి, రెంటినీ, మొదటి పక్కనున్న అందరినీ ఉంచే లెఫ్ట్ జాయిన్‌తో కలిపింది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, బాకీ సున్నా కంటే ఎక్కువున్న వాళ్లను చూపించింది. చదివాను, సరిగానే ఉందనిపించింది. లెఫ్ట్ జాయిన్ అయితే ఎవరూ జారిపోరని ఎక్కడో చదివి ఉన్నాను కూడా. ఆ లిస్టు ప్రకారమే బ్యాంకుకు పంపాం.

మూడో రోజు దామరచర్ల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కాటా చిట్టి నాలుగు మడతలు పెట్టి, ఆధార్ కార్డు కవర్లో దాచుకుని తెచ్చాడు. చెమటకు అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. 52 క్వింటాళ్లు, 2,400 చొప్పున 1,24,800 రూపాయలు. "అందరికీ పడ్డయంట, నాకే పడలేదు బిడ్డా" అన్నాడు. కంప్యూటర్లో ఆయన లోడ్ ఉంది. లిస్టులో పేరు లేదు. ఒక్క రూపాయి కూడా అందని మనిషే బాకీల లిస్టులో లేకుండా పోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎర్రర్ వస్తే తెలుస్తుంది. ఎర్రర్ లేకుండా తప్పు లిస్టు వస్తే ఎట్లా తెలుసుకోవాలి? పైగా "ఇది కరెక్టేనా" అని ఏఐని అడిగితే కరెక్టే అంటోంది.

సూర్యాపేట_రవాణా

నడిపించే ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూడండి మేడం. మా లారీ ఆఫీసులో అట్లే చేస్తాం.

పాలమూరు_డీబీఏ

మాది జడ్చర్ల, హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ఇదే పని. ముందు మీ పెద్దాయన ఎట్లా జారిపోయాడో చెబుతాను అక్కా.

లెఫ్ట్ జాయిన్ ఆయనను జారనివ్వలేదు. ఆయన వరుస వచ్చింది. కానీ పేమెంటే లేదు కాబట్టి ఆ గడిలో సున్నా కాదు, నల్ (అంటే విలువే లేని ఖాళీ) వచ్చింది. 1,24,800లోంచి నల్ తీసేస్తే నల్లే మిగులుతుంది. ఇక "నల్ సున్నా కంటే ఎక్కువా?" అంటే ఎస్‌క్యూఎల్ అవుననదు, కాదనదు. తెలియదు అంటుంది. వేర్ షరతు (ఏ వరుసలు ఉంచాలో చెప్పే భాగం) అవునన్న వరుసనే ఉంచుతుంది. అందుకే కొంత ముట్టినవాళ్లు లిస్టులో ఉన్నారు, ఏమీ ముట్టనివాళ్లు పోయారు. పేమెంట్ మొత్తానికి కోయలెస్ పెట్టి, నల్ ఉన్నచోట సున్నా అనుకొమ్మని చెప్తే సరిపోతుంది.

దీన్ని ముందే పట్టుకోవాలంటే, లిస్టు తీసినప్పుడల్లా ఇంకో మూడు లెక్కలు తీయండి. బాకీ సున్నా కంటే ఎక్కువున్నవాళ్లు ఎందరు, సరిగ్గా సున్నా ఉన్నవాళ్లు ఎందరు, తక్కువున్నవాళ్లు ఎందరు. మూడూ కూడితే వడ్లు పోసిన మొత్తం రైతుల సంఖ్య రావాలి. రాలేదంటే మిగిలినవాళ్లు నల్‌లో ఉన్నట్టే. "ఈజ్ నల్" అని అడిగితే పేర్లతో సహా బయటపడతారు.

సూర్యాపేట అన్నకు ఒక మాట. ఎక్స్‌ప్లెయిన్ చెప్పేది డేటాబేస్ ఏ దారిలో వెతుకుతుందో, ఏ ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) వాడుతుందో అంతే. లెక్క తప్పా ఒప్పా దానికి పట్టదు. ఇంకొకటి, వేరే డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెడితే అది క్వెరీని నిజంగానే నడిపిస్తుంది. అప్‌డేట్, డిలీట్ అయినా సరే, డేటా మారిపోతుంది. దయచేసి గుర్తుంచుకోండి.

నకిరేకల్_టెస్టర్

అక్కా, నేను టెస్టింగ్‌లో చేస్తాను. క్వెరీ రాయించుకోక ముందే ఐదారుగురు రైతుల లెక్క కాగితం మీద వేసి పెట్టుకోండి. అది కూడా తేలికైనవాళ్లు కాదు, చిక్కున్నవాళ్లే కావాలి. ఏమీ ముట్టనివారు ఒకరు. రెండు లోడ్లు పోసి మూడు దఫాలుగా తీసుకున్నవారు ఒకరు. వడ్లు రాకముందే అడ్వాన్స్ తీసుకున్నవారు, ఒకే ఊర్లో ఒకే పేరున్న ఇద్దరు. వీళ్ల జవాబులు తేలాకే ఏఐని అడగండి.

రెండు లోడ్లు, మూడు పేమెంట్ల మనిషి ఎందుకంటే, ఏఐ ఒక్కోసారి ముందు కూడకుండా టేబుళ్లను నేరుగా కలిపేస్తుంది. 2,00,000 వడ్లకు 1,40,000 ఇచ్చారనుకోండి, బాకీ 60,000. నేరుగా కలిపితే రెండు మూళ్లు ఆరు వరుసలవుతాయి. వడ్లు 6,00,000 అవుతాయి, పేమెంట్లు 2,80,000. బాకీ 3,20,000 అని చూపిస్తుంది.

మీరు "కరెక్టేనా" అని అదే చాట్‌లో అడిగి ఉంటారు. కొత్త చాట్ తెరిచి, మీ ప్రశ్న చెప్పకుండా క్వెరీ ఒక్కటే పెట్టండి. "ఇది ఎవరిని చూపిస్తుంది, ఎవరిని వదిలేస్తుంది, తెలుగులో చెప్పు" అనండి. వచ్చిన జవాబును మీ అసలు ప్రశ్నతో పోల్చుకోండి. ఇది ఒక్కటే నమ్ముకోవద్దు, కాగితం లెక్క ఉండాల్సిందే.

తేదీలు కూడా చూసుకోండి. కాటా టైముతో సహా ఎంట్రీ అవుతుంటే, బిట్వీన్‌తో ఏప్రిల్ 1 నుంచి 30 అని రాస్తే 30వ తారీకు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలకే ఆగిపోతుంది. ఆ రోజు పగలంతా వచ్చిన ట్రాక్టర్లు లెక్కలోకి రావు. "మే 1 కంటే ముందు" అని రాయించండి.

మిర్యాలగూడ_అకౌంట్స్

మీ ఇద్దరి మేలు మరచిపోలేను. పొద్దున ఆఫీసుకు రాగానే పాత క్వెరీ మీద మూడు లెక్కలూ తీశాను. బాకీ ఉన్నవాళ్లు 137, సున్నా 251, ఎక్కువ ముట్టినవాళ్లు 3. కూడితే 391. వడ్లు పోసినవాళ్లు 412. అంటే ఆ పెద్దాయన ఒక్కడే కాదు, 21 మంది!

ఒక్కొక్క కాటా చిట్టీ తీసి చూశాను. ఇద్దరివి రద్దయిన చిట్టీలు, తేమ 17 శాతం దాటిందని వడ్లు వెనక్కి పట్టుకుపోయారు. మిగిలిన 19 మందికీ నిజంగానే ఇవ్వాలి. వాళ్లలో ఫోన్ చేసి అడిగినవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లు పడతాయిలే అని ఎదురుచూస్తున్నారు.

రద్దయిన చిట్టీలు తీసేసి, కోయలెస్ పెట్టిస్తే 156 వచ్చింది. 137కు 19 కలిపితే అంతే కదా. ఇప్పుడు బ్యాంకు నుంచి తిరిగొచ్చిన పేమెంట్లు కూడా లెక్కలోంచి తీయమని ఏఐకి చెప్పబోతున్నాను.

పాలమూరు_డీబీఏ

ఒక్క నిమిషం ఆగండి అక్కా. "పేమెంట్ స్టేటస్ పాస్ అయినవే" అన్న షరతును ఏఐ లెఫ్ట్ జాయిన్ తర్వాత, చివరి వేర్‌లో పెట్టిందంటే ఆ 19 మందీ మళ్లీ పోతారు. పేమెంటే లేనివాళ్లకు స్టేటస్ కూడా నల్లే కదా. కోయలెస్ వాళ్లను కాపాడలేదు. ఆ షరతు పేమెంట్లు కూడే లోపలి క్వెరీలోనే ఉండాలి.

ఇంకో పని. మీకు చదవడానికి మాత్రమే హక్కున్న వేరే లాగిన్ పెట్టించుకోండి, ఏఐ క్వెరీలన్నీ అందులోనే నడపండి. ఏదైనా మార్చక తప్పకపోతే స్టార్ట్ ట్రాన్సాక్షన్ కొట్టి, ఎన్ని వరుసలు మారాయో చూసి, తేడా ఉంటే రోల్‌బ్యాక్ కొట్టండి, మార్పు వెనక్కి పోతుంది. టేబుళ్లు ఇన్నోడీబీ అనే రకంలో ఉంటేనే అది పని చేస్తుంది. మైఐసామ్ రకంలో ఉంటే రోల్‌బ్యాక్ కాదు, ముందే చూసుకోండి.

మిర్యాలగూడ_అకౌంట్స్

అన్నా, మీరు చెప్పినట్టే అయింది. షరతును చివర్లోనే పెట్టింది. నడిపించక ముందే చదివి పట్టుకున్నాను. లోపలికి మార్పించాక మూడు లెక్కలు కూడితే 410 వచ్చింది, రద్దయిన ఇద్దరూ పోగా అంతే రావాలి. పేమెంట్ తిరిగొచ్చిన ఇద్దరు కొత్తగా బాకీలోకి వచ్చారు, మొత్తం 158. అకౌంట్ నంబర్లో ఒక అంకె తప్పు కొట్టాం వాళ్లకు. టేబుళ్లు ఇన్నోడీబీలోనే ఉన్నాయి.

పెద్దాయన పైసలు మధ్యాహ్నం పడ్డాయి. ఆయన చిట్టి జిరాక్స్ నా కాగితం లెక్కల ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకున్నాను. మిగిలిన 18 మందికి రేపు పొద్దున బ్యాంకు తెరవగానే పంపుతున్నాం.